రోగిని అడిగి చేయు వైద్యము

(ఉగాది పండుగ సభలో చదివిన ఉపన్యాసము)



పండుగపూట ఈ ఆసుపత్రి ముచ్చట ఏమిటని కొందరు అనుకొనవచ్చును. ఇప్పుడే పంచాంగ శ్రవణము ముగిసినది. ఏ రాశివారికి ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అన్నది అందరమును శ్రద్ధగా విన్నాము. ఆ వ్యయములో పెద్దపాలు చాల ఇండ్లలో ఆసుపత్రికే పోవుచున్నది. అవమానములో కొంతపాలు కూడ అక్కడనే జరుగుచున్నదని మా అనుభవము. కావున సందర్భము తప్పి మాట్లాడుచున్నామని మేమనుకొనుట లేదు.

మేము వైద్యులము కాము. సంఘములో ఉద్యోగములు విరమించినవారము కొందరము కలిసి, ఇంట తోడులేని పెద్దలను ఆసుపత్రులకు తీసుకొనిపోయి తీసుకొనివచ్చు పని కొన్నేండ్లుగా పెట్టుకొన్నాము. చీటీ వ్రాయించుట, వరుసలో నిలుచుట, మందులు తెచ్చుట, ఇంతే మా పని. అయితే వరండా బల్లలమీద గంటలకొద్దీ కూర్చున్నవారికి కొన్ని సంగతులు తప్పక కనబడును. అందులో మొదటిది, వైద్యుడు మాట్లాడునది చాల సార్లు రోగితో కాదు. ప్రక్కన నిలిచిన కొడుకుతో, అల్లునితో, లేదా కొంచెము ఇంగ్లీషు వచ్చిన మనుమనితో. తన ఒంటిని గూర్చిన మాటను రోగి పొరుగింటి మాట విన్నట్లు వినవలసి వచ్చుచున్నది. "రోగి కోరినదీ పాలే, వైద్యుడు చెప్పినదీ పాలే" అను సామెత మనకు ఉన్నది. ఆ సామెతలో కనీసము రోగి ఏమి కోరినాడో ఎవరో ఒకరు అడిగియుండవలెను గదా!

ఆసుపత్రులు కట్టుటలో మనవారు వెనుకబడినవారు కారు. కోయంబత్తూరులో పీ.ఎస్. గోవిందస్వామి నాయుడుగారి నలుగురు కుమారులు 1926లో ఆస్తిని అయిదు పాళ్ళు చేసి, అయిదవ పాలు ధర్మమునకు విడిచినారు. ఆ ధర్మసంస్థయే 1985లో వైద్యకళాశాలను నెలకొల్పినది. లక్ష్మీ మిల్లు స్థాపకులైన జి. కుప్పుస్వామి నాయుడుగారి పేర 1952లోనే ఒక ఆసుపత్రి వెలసినది. పత్తి పండించి, నూలు వడికి, మోటార్లు చేసి గడించిన ధనములో కొంత ఊరి రోగములకు ఖర్చు పెట్టిన చరిత్ర ఇది. మనము గర్వించదగినదే. కాని మంచి ఆసుపత్రి కట్టుట ఒకటి, అందులో పడుకొన్న మనిషిని అడిగి పని చేయుట మరియొకటి. రెండవ దానికి చందాలు వసూలు చేయలేము. అది ఇంట్లో మొదలు కావలెను.

మన ఇండ్ల పద్ధతి అందరికిని తెలిసినదే. పొలము అమ్మవలెనన్న, పిల్లకు సంబంధము చూడవలెనన్న పెద్దలు కూర్చొని మాట్లాడుదురు. మేనమామను పిలువక ఏ శుభమును జరుగదు. ఎప్పుడో నాయక రాజుల కాలమున ఈ దక్షిణదేశమునకు వచ్చి, చుట్టూ వేరొక భాష మాట్లాడు ఊళ్ళలో నిలద్రొక్కుకొన్నామనిన, ఈ కట్టుబాటే కారణమని పెద్దలు చెప్పుదురు. నిజమే. జబ్బు వచ్చినపుడును ఈ కట్టే మనలను కాపాడుచున్నది. ఒకరు రక్తమిచ్చెదరు, ఒకరు రాత్రి కాపలా పడుకొందురు, ఒకరు క్యారియరులో అన్నము తెచ్చెదరు. ఒంటరిగా ఆసుపత్రిలో పడియున్న పొరుగువానిని చూచినపుడు మన చుట్టముల విలువ తెలియును. కనుక, ఇంటివారిని బయటకు పంపి రోగిని ఒక్కనినే అడుగుడని మేము చెప్పుట లేదు. పదిమంది కూర్చున్న ఆ చాపమీద రోగికి చోటెక్కడ అని అడుగుచున్నాము.

ఒక ఇంటి సంగతి చెప్పెదము. ఊరు, పేరు అక్కరలేదు. డెబ్బది యేండ్ల పెద్దాయన, జీవితమంతయు సొంత సేద్యము చేసినవాడు. కడుపులో గడ్డ అని తేలినది. కొడుకులు వైద్యునితో మాట్లాడుకొని, "నాయనకు చెప్పవద్దు, తట్టుకొనలేడు" అన్నారు. పుండు అని చెప్పినారు. ఆయన నమ్మినాడో, నమ్మినట్లు నటించినాడో ఎవరికిని తెలియదు. నాలుగు నెలలు ఇంజెక్షనులు, వాంతులు. "పుండునకు ఇంత మందేమిటిరా?" అని మమ్మడిగినాడు. మేమేమి చెప్పగలము? చెప్పవద్దని మాకును ఆన పెట్టియున్నారు. ఆయన మనసులో ఒక కోరిక ఉండెను. పెండ్లినాడు చేతిలో ఏమియు పెట్టలేకపోయిన కూతురికి రెండెకరములు వ్రాసియీయవలెనని, కులదైవము కొలువున్న ఊరికి ఒక్కసారి పోయి రావలెనని. "ఈ పుండు మానిన తరువాత చూతము" అనుకొన్నాడు. చివరి పదునొకండు దినములు గొంతులో గొట్టముతో, చేతులు మంచమునకు కట్టబడి పడియున్నాడు. కొడుకులు దుర్మార్గులు కారు, తండ్రి అనిన ప్రాణము. ఆ ప్రేమతోనే తండ్రికి మిగిలిన నాలుగు నెలలు ఆయన చేతికి అందకుండ దాచినారు.

తట్టుకొనలేడని మనమే తీర్మానించుట తేలిక. వానలేని ఏండ్లు, అప్పులు, బిడ్డల చావులు తట్టుకొన్నవారిని గూర్చియే ఈ మాట అనుచున్నాము. నిజమునకు తట్టుకొనలేనిది, ఆయన ముఖము చూచి ఆ మాట చెప్పుటకు మన నోరే.

అయితే దీనికి వేరొక ప్రక్క కూడ కలదు. ఒక అవ్వ వైద్యురాలితో, "అమ్మా, నాకు ఆ లెక్కలన్నియు చెప్పవద్దు. మా పెద్దకోడలికి చెప్పుము. అది ఏమన్న నాకు సమ్మతమే" అన్నది. ఇదియును ఒక నిర్ణయమే. అవ్వ తన మాటను తానే కోడలి చేతిలో పెట్టినది. ఆ పెద్దాయన చేతిలోనిదో, పెట్టకముందే తీసికొన్నారు. ఈ రెంటికి గల భేదము తెలిసికొనుటకు వైద్యుడు ఒక్క ప్రశ్న అడిగిన చాలును: "మీ జబ్బును గూర్చి ఎంతవరకు మీకు చెప్పమందురు? ఎవరితో మాట్లాడమందురు?" దీనికి అర నిమిషము పట్టును. వైద్యుడు మరచిన, తోడు వచ్చినవారు గుర్తు చేయవచ్చును.

ఇక ఆడవారి సంగతి. గర్భసంచి తీయించుట మన ఇండ్లలో ఎంత సులభముగా మాట్లాడుకొనబడుచున్నదో అమ్మలందరికి తెలియును. అత్తగారు, భర్త, వైద్యుడు, ముగ్గురును ఒక నిర్ణయమునకు వచ్చిన తరువాత కోడలికి తారీఖు తెలియును. ఢిల్లీలో 1995లో జరిగిన ఒక సంగతి సుప్రీంకోర్టు వరకు పోయినది. నలుబదినాలుగేండ్ల అవివాహిత. లోపల ఏమున్నదో గొట్టము వేసి చూచుటకు మాత్రమే ఒప్పుకొని మత్తుమందు తీసికొన్నది. ఆమె మత్తులో ఉండగా వైద్యురాలు బయట కూర్చున్న తల్లి సమ్మతి తీసుకొని గర్భసంచిని, అండాశయములను తీసివేసినది. 2008 జనవరి 16వ తేదీన కోర్టు తీర్పు చెప్పినది. వయసు వచ్చి తెలివి గల మనిషి కొంతసేపు మత్తులో ఉన్నంతమాత్రమున తల్లి ఆమెకు బదులు ఒప్పుకొనజాలదు. ప్రాణము మీదికి వచ్చిన తొందర లేనపుడు ఆమె లేచువరకు ఆగి ఆమెనే అడుగవలెను. చూచుటకు ఇచ్చిన సమ్మతి కోయుటకు సమ్మతి కాదు. ఏమి చేయబోవుచున్నారు, ఎందుకు, వేరే దారి ఉన్నదా, ముఖ్యమైన ప్రమాదములేవి, చేయించుకొననిచో ఏమగును, ఇవి తెలిపిన తరువాత పుచ్చుకొన్న సమ్మతియే సమ్మతి. తల్లి కంటె దగ్గరి చుట్టమెవరు? తల్లి సంతకమే చెల్లదన్నపుడు అత్తగారి తల యూపు మాట వేరే చెప్పవలసిన పని లేదు.

ఇంతకుముందు 2002లో వచ్చిన వైద్యుల నడవడి నియమములలోనే, జబ్బు తీవ్రతను పెంచి చెప్పరాదు, తగ్గించి చెప్పరాదు అని ఉన్నది. ఆసుపత్రిలో చేరిన రోగి తన కాగితములు అడిగినచో 72 గంటలలో ఈయవలెననియు ఉన్నది. మనవారు అడుగరు. అడిగిన వైద్యునికి కోపము వచ్చునని భయము.

భాష విషయమున మాకు ఒక పేచీ కలదు. ఇక్కడి తెలుగు ఇండ్లలో పుట్టినవారము అందరమును తమిళము చక్కగా మాట్లాడుదుము, దానిలోనే చదువుకొన్నాము. బజారులో, కచేరీలో ఏ కొరతయు లేదు. కాని నొప్పి వచ్చినపుడు నోటికి వచ్చునది ఇంటి మాట. పక్షవాతము వచ్చిన తరువాత, మతిమరుపు ముదిరిన తరువాత, తమిళము కొంచెము కొంచెముగా జారిపోయి తెలుగొక్కటే మిగిలిన పెద్దలను మేము చూచినాము. వారి మాటను వైద్యునికి చేరవేయు మనుమనికి తెలుగు సగమే వచ్చును. ఒక అవ్వ "కళ్ళు తిరుగుచున్నవి" అనిన, మనుమడు మాటకు మాట తమిళములో పెట్టినాడు. ఆమెను కంటి వైద్యుని గదికి పంపినారు. తల తిరుగుచున్నదని తెలియుటకు ఒక పూట పట్టినది. నవ్వు వచ్చు సంగతియే గాని, అదే అవ్వ ముందు సమ్మతి పత్రము పెట్టి వేలిముద్ర వేయించినపుడు నవ్వు రాదు. అది ఇంగ్లీషులో ఉన్నది. తమిళములో ఉన్న ప్రతి కూడ ఆమె చదువలేదు. చదివి వినిపించినవాడు లేడు. ఆ వేలిముద్రకు విలువ ఏమి?

ఈ పని బాగుగా జరుగు చోటు లేదా అనిన, మదురైలోనే ఉన్నది. ఎట్టయపురము చేరువనున్న అయన్ వడమలాపురమున 1918లో పుట్టిన డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామిగారు, కీళ్ళవాతముచే వ్రేళ్ళు వంకరపోయినను కంటి ఆపరేషనులు నేర్చి, ప్రభుత్వోద్యోగము విరమించిన 1976లో 11 పడకలతో అరవింద కంటి ఆసుపత్రిని మొదలుపెట్టినారు. ఆయన 2006లో గతించినారు. ఆ ఆసుపత్రి ఖ్యాతి, ఉచిత ఆపరేషనుల సంగతి మీకు మేము చెప్పనక్కరలేదు. మేము చెప్పదలచినది దానిలోని ఒక చిన్న గదిని గూర్చి. శుక్లము ముదిరినది, ఆపరేషను కావలెనని వైద్యుడు చెప్పినతోడనే రోగిని బల్లమీదికి ఎక్కింపరు. ఆ మాటలకొరకే శిక్షణ పొందిన ఒక అమ్మాయి రోగిని, తోడు వచ్చినవారిని కూర్చుండబెట్టుకొనును. కంటి బొమ్మ ఒకటి చేత పట్టుకొని, లోపలి పొర ఎక్కడ మసకబారినది, దానిని తీసి పెట్టు అద్దములు ఏమేమి రకములు, దేనికెంత ఖర్చు, ఎన్ని దినములు ఉండవలెను, తరువాత చుక్కల మందు ఎట్లు వేయవలెను అన్నది చెప్పును. ఈ అమ్మాయిలు చాలమంది పల్లెలనుండి వచ్చినవారే. కావున పల్లెవాని భయము వారికి తెలియును. రోగి "కన్ను పూర్తిగా తీసివేసి కడిగి పెట్టుదురా?" అని అడుగును. ఇది వైద్యుని అడుగుటకు సిగ్గు. ఆ పిల్లను అడుగుటకు సిగ్గు లేదు.

దీని అవసరము ఊరక తోచినది కాదు. మదురై చుట్టుపట్ల పల్లెలలో ఉచితముగా శిబిరములు పెట్టినను అందరును రాలేదు. 1999లో అచ్చయిన ఒక పరిశీలనలో, కంటి బాధ ఉన్నవారిలో శిబిరమునకు వచ్చినవారు నూటికి ఏడుగురు మాత్రమే అని తేలినది. భయము, తోడు వచ్చువారు లేకుండుట, కూలి పోవుట, ముసలితనమున ఇది మామూలే అనుకొనుట, ఇట్టివి అడ్డములు. అంతకుముందు 1991లో వెలువడిన మరియొక పరిశీలనలో, ఆపరేషను చేయించుకొని చూపు తెచ్చుకొన్న మనిషియే ఇల్లిల్లు తిరిగి చెప్పుట, ఆపరేషనుతోబాటు ప్రయాణపు ఖర్చు, తిండి ఖర్చు కూడ భరించుట పనికి వచ్చినట్లు చూపినారు. ఉచితమన్నంతమాత్రమున మనిషి లేచి రాడు. అత్తను శిబిరమునకు తీసుకొనిపోవు కోడలికి ఆ నాటి కూలి పోవును. కాబట్టి ఆ కోడలితో కూడ మాట్లాడవలెను.

ఇంటివారు వైద్యములో పాలుపంచుకొనిన ఏమగునో చూపిన పెద్ద ఉదాహరణము మదరాసులో జరిగినది. క్షయ అనిన ఆ కాలమున శానిటోరియము. ఏడాదిపాటు పడక, పాలు, గ్రుడ్లు, గాలి. పడకలు కొన్ని, రోగులు లక్షలు. 1956లో మదరాసున నెలకొన్న క్షయ చికిత్సా కేంద్రమువారు రోగులలో సగముమందిని శానిటోరియమునకు పంపి, సగముమందిని వారి ఇరుకు ఇండ్లలోనే ఉంచి, అవే మందులు ఏడాదిపాటు ఇచ్చినారు. ఇంటనున్నవారికి తిండి చాలదు, విశ్రాంతి లేదు. అయినను 1959లో ఫలితములు వెలువడగా, ఇంట కోలుకొన్నవారు శానిటోరియములో కోలుకొన్నవారికి ఇంచుమించు సమానముగా ఉన్నారు. మందులు మొదలైన తరువాత ఇంటివారికి అంటుట కూడ ఎక్కువ కాలేదు. దీనితో లోకమంతట క్షయ వైద్యపు తీరే మారినది. మందు మహిమ అందులో చాల ఉన్నది, కాదనము. కాని దినదినమును ఆ చేదుమందు మ్రింగించినది నర్సు కాదు, ఇంటి ఇల్లాలు. నేడును అంతే. చక్కెర వ్యాధికి, రక్తపుపోటునకు మందులు ఇంటికే తెచ్చియిచ్చు పథకమును తమిళనాడు ప్రభుత్వము 2021 ఆగస్టులో కృష్ణగిరి జిల్లాలో ప్రారంభించినది. మాత్ర గుమ్మము వరకు వచ్చును. గుమ్మము లోపలి పని ఇంటివారిది, అన్నము తగ్గించుకొను పని రోగిది.

ఇంటివారి చేతిలో సర్వమును పెట్టి రోగిని అడుగకుండుట ఎంతవరకు పోవునో తెలియుటకు మదురై నుండి చాల దూరము పోనక్కరలేదు. రామనాథపురము జిల్లా ఏర్వాడిలో, 2001 ఆగస్టు 6వ తేదీ తెల్లవారుజామున, మతి చెడినవారిని ఉంచిన ఒక పాక అంటుకొన్నది. గొలుసులతో కట్టబడియుండుటచే పారిపోలేక 28 మంది కాలి చనిపోయినారు. వారిని అక్కడ విడిచినవారు తల్లిదండ్రులు, అన్నదమ్ములు. శత్రువులు కారు. ఎక్కడ చూపించినను నయము కాక, ఇరుగుపొరుగు మాట పడలేక, దేవుని దయమీద భారము వేసి పోయినవారు. వారిని నిందించుటకు మాకు నోరు రాదు. అయినను ఆ గొలుసు వేయునపుడు ఆ మనిషిని ఎవరైనను అడిగినారా? 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య చట్టము గొలుసులను పూర్తిగా నిషేధించినది. అంతేకాదు, మనసు నిమ్మళముగా ఉన్నపుడే, తనకు జబ్బు తిరుగబెట్టినచో ఎట్టి వైద్యము కావలెను, ఎట్టిది వద్దు, తన తరపున ఎవరు మాట్లాడవలెను అని వ్రాసిపెట్టు హక్కును రోగికి ఇచ్చినది. పిచ్చివాడని ప్రక్కకు నెట్టబడిన మనిషికే చట్టము ఇంత మాట ఇచ్చినపుడు, కడుపులో గడ్డ వచ్చిన మన నాయనకు ఎంత ఈయవలెను!

కడపటి దినముల సంగతియును చట్టములోనికి వచ్చినది. కోలుకొను ఆశ లేనపుడు యంత్రములతో శ్వాసను పొడిగింపవద్దని ముందుగనే వ్రాసిపెట్టుకొనవచ్చునని సుప్రీంకోర్టు 2018 మార్చి 9న చెప్పినది. అప్పుడు పెట్టిన నిబంధనలు చాల చిక్కుగా ఉండుటచే 2023 జనవరిలో వానిని సులభము చేసినది. ఇప్పుడు ఇద్దరు సాక్షుల ఎదుట సంతకము చేసి, నోటరీ చేతనో గెజిటెడ్ అధికారి చేతనో ధ్రువపరచుకొనిన చాలును. తన తరపున మాట్లాడవలసినవారి పేర్లు అందులోనే వ్రాయవచ్చును. యంత్రము తీసివేయుటకు ముందు ఆసుపత్రిలో వైద్యుల మండలులు రెండు విడివిడిగా చూడవలెను. కావున ఆస్తికొరకు ఎవరో తొందరపడుదురను భయమునకు తావు తక్కువ. ఇది చావును కోరుకొనుట అని కొందరు పెద్దలు మాతో వాదించినారు. మాకు అట్లు తోచలేదు. ఆస్తికి వీలునామా వ్రాయువారము, ఒంటికి వ్రాయుటకు శంక ఎందులకు? వ్రాయనిచో జరుగునది ఏమనగా, రాత్రి రెండు గంటలకు ఐసీయూ గుమ్మమున "గొట్టము వేయమందురా, వద్దందురా?" అని పెద్దకొడుకును అడుగుదురు. వేయమనిన పొలము పోవును, వద్దనిన తమ్ములు జీవితాంతము మాట అందురు. ఆ బరువు కొడుకుమీద వేయకుండ తండ్రియే దించిపోవచ్చును.

వైద్యుల పక్షమున కూడ ఒక మాట చెప్పవలెను. ఉదయమున నూరు మందిని చూడవలసిన ప్రభుత్వ వైద్యుడు ఒక్కొక్కరితో ఎంతసేపు మాట్లాడగలడు? మనవారు కొందరు బీరువాలోని పాత రిపోర్టులు ఒక్కటియు తేకుండ వచ్చి, "అన్నియు మీకు తెలియును గదా" అందురు. ప్రాణము పోయిన తరువాత పదిమందిని వెంటబెట్టుకొనిపోయి అద్దములు పగులగొట్టుట మరియు దారుణము. దీనిని అడ్డుటకు 2008లో తమిళనాడులో చట్టమే చేయవలసివచ్చినది. ముందుగా చెప్పి చేసిన చోట ఇట్టి రచ్చలు తక్కువగా ఉండుట మేము చూచినాము. చెప్పనిచోట, జబ్బు చేసిన పని కూడ వైద్యుడు చేసినట్లే ఇంటివారికి కనబడును.

మా కోరిక పెద్దది కాదు. ఆసుపత్రికి పోవు ముందటి రాత్రి రోగి ప్రక్కన కూర్చొని, "రేపు ఏమి అడుగవలెనని ఉన్నది?" అని అడిగి, ఆ ప్రశ్నలను ఒక కాగితముమీద వ్రాసుకొనిపొండు. తమిళములో వ్రాసినను సరియే. వైద్యుని ఎదుట మొదటి కుర్చీ రోగికి విడువుడు. ఆయన మాట తడబడినను మధ్యలో అందుకొనకుడు. సంతకము పెట్టుటకు ముందు "ఇది ఇంటికి తీసుకొనిపోయి చదువవచ్చునా?" అని అడుగుటకు సంకోచింపకుడు. ప్రాణాపాయపు తొందర లేనపుడు ఏ మంచి వైద్యుడును కాదనడు.

సంఘము తరపున ఈ పని కొంచెము విస్తరింపదలచినాము. భోజనశాల ప్రక్క వరండాలో ఒక బల్ల వేసి, పుస్తకము పెట్టినాము. ఆసుపత్రికి తోడు కావలసినవారును, తోడు పోగలవారును పేర్లు వ్రాయించుడు. ఇంటి తెలుగు, తమిళము రెండును బాగుగా వచ్చిన పడుచువారు ముందుకు వచ్చిన మేలు. వారే తక్కువగా ఉన్నారు. నోటరీ పనికి ఒక వకీలుగారు నెలకొక ఆదివారము కూర్చుండుటకు ఒప్పుకొన్నారు. పేరు, వీధితోబాటు మూడవ గడి ఒకటి ఉన్నది. మీ ఒంటిని గూర్చిన మాట మీరు ఏ భాషలో వినగోరుదురో, మీతోబాటు ఇంకెవరు వినవలెనో అందులో వ్రాయుడు. ఆ గడిని ఇంటివారు కాక, మీరే నింపవలెను.